గడప దాటిన నిఘా

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన నొక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను కోటలను గూర్చియో రాజులను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నా మనస్సులో చిరకాలముగా మెదలుచున్న విషయము వేరొకటి. ప్రభుత్వము ప్రజల యిండ్లలోనికి, రాకపోకలలోనికి, జాబులలోనికి తొంగిచూచిన చరిత్ర యది. ఇందు రాజులు లేరు. మునసబులు, తలారులు, కానిస్టేబుళ్లు, ఒక రిజిస్టరు, అర్ధరాత్రమున తలుపు తట్టిన చప్పుడు, ఇవియే యున్నవి. అయినను మన ఊళ్లవారికి ఈ చరిత్ర కోటల చరిత్రకంటె దగ్గరిదని నా అభిప్రాయము.

మొదట ఒక మాటను గమనింపుడు. అల్లరిచిల్లరగా తిరుగు కుఱ్ఱవానిని మన పల్లెలలో ‘కేడీ’ అందురు. ఇది తెలుగుమాట వలెనే చెలామణి యగుచున్నది గాని, పుట్టినది పోలీసు ఠాణాలో. ‘నోన్ డిప్రెడేటర్’, అనగా పోలీసువారెరిగిన దోపిడిగాడు, అనుమాటకు మొదటి అక్షరములు క, డ. అట్టివారి పేర్లు వ్రాయు పుస్తకమునుండి ఆ రెండక్షరములు వీధిలోనికి వచ్చి, తల్లులు బిడ్డలను ముద్దుగా తిట్టు మాటగా మారినవి. పోలీసు రిజిస్టరు మన నాలుక మీదికి ఎంత సులభముగా ఎక్కినదో చూడుడు.

రిజిస్టరులో పేరు ఎక్కుటకు నేరము చేసియుండవలెనని మనమందరము అనుకొందుము. 1871వ సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము ఈ యూహను తలక్రిందులు చేసినది. ఈ దేశమున వడ్రంగికి వడ్రంగము, సాలెకు నేత తండ్రితాతలనుండి వచ్చునట్లే, కొన్ని కులములకు దొంగతనము కులవృత్తిగా వచ్చునని ఆనాటి అధికారులు వాదించిరి. ఆ వాదము ననుసరించి, ఒక జాతిని మొత్తముగా నేరస్థ జాతియని ప్రకటించు అధికారము ప్రభుత్వమునకు లభించినది. ఆ ప్రకటన న్యాయమా అన్యాయమా యని విచారించు అధికారము న్యాయస్థానములకు లేదని చట్టములోనే వ్రాసికొనిరి. మొదట ఉత్తర హిందూస్థానమునకే పరిమితమైన ఈ శాసనము, 1911లో సవరింపబడి మన మద్రాసు రాజధానికిని వచ్చినది. 1924లో దానిని మరల కూర్చి నిలిపిరి.

మన ప్రాంతమున దీని దెబ్బ ముఖ్యముగా ఎరుకలవారిపై పడినది. వీరు తరతరములుగా కోస్తానుండి ఉప్పును, లోపలి సీమలనుండి ధాన్యమును గాడిదలమీదను ఎద్దులమీదను మోసి అమ్ముకొని బ్రతికినవారు. ఉప్పు ప్రభుత్వపు గుత్తసొమ్మైనది. రైలు వచ్చి సరకు మోసికొనిపోయినది. బేరము పోయిన బేరగాడు ఊరూర తిరుగుచుండగా, ఆ తిరుగుడే అతనిపై అనుమానమునకు హేతువైనది. దొంగతనములు బొత్తిగా లేవని నేననను. ఆకలి యున్నచోట అవియును ఉండును. కాని ఆ రైలు వేసినదియు, ఆ ఉప్పును పట్టుకొన్నదియు ఎవరో, ఆ తరువాత దొంగయని పేరు పెట్టినదియు వారే.

చట్టము పనిచేసిన తీరు ఇట్టిది. ప్రకటింపబడిన జాతివారి పేర్లన్నియు రిజిస్టరులో ఎక్కవలెను, వేలిముద్రలు ఇయ్యవలెను. నియమించిన వేళకు వచ్చి హాజరు చెప్పుకొనవలెను; లేదా ఎక్కడ నివసించుచున్నదియు, ఎప్పుడు ఎక్కడికి పోవుచున్నదియు తెలుపవలెను. కొన్ని నేరములకు ఈ జాతివాడు రెండవమారు శిక్షింపబడినచో ఏడేండ్లకు తక్కువ గాని ఖైదు. మూడవమారైనచో యావజ్జీవ ద్వీపాంతరవాసము. ఆరేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల పిల్లలను తల్లిదండ్రులనుండి విడదీసి వేరుగ ఉంచుటకును అధికారము గలదు. బాపట్ల దాపున స్టూవర్టుపురము, బెజవాడ చేరువ సీతానగరము, నెల్లూరు సీమలో కావలి, ఇవి యన్నియు అట్టి సెటిల్మెంట్లు. మద్రాసు గవర్నరు కార్యాలోచన సభలో సభ్యుడుగా నుండిన సర్ హెరాల్డు స్టూవర్టు పేరిట వెలసిన స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు నడిపిరి. చదువు, సేద్యము, వైద్యము కొంత అక్కడ దొరకినమాట నిజము. హాజరు పుస్తకము మాత్రము వానితో పాటు తప్పక యుండెను.

గ్రంథాలయోద్యమము నెరిగిన చదువరులకు ఒక సంగతి తోచకపోదు. చీరాలకు ఒక దిక్కున స్టూవర్టుపురము, మరియొక దిక్కున వేటపాలెము. వేటపాలెములో సారస్వత నికేతనము 1918లో స్థాపితమైనది. ఒకే రైలుదారిలో, ఒకే కాలమున, ఒకచోట పుస్తకముల జాబితాయు, వేరొకచోట మనుష్యుల జాబితాయు పెరుగుచుండెను. పుస్తకములకును జాబితాలు లేకపోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వము నిషేధించిన సంగతి మనలో పెద్దలెరిగినదే.

ఇక్కడ మన ఊళ్లకు సంబంధించిన, చెప్పుటకు కొంచెము కష్టమైన సంగతి యొకటి యున్నది. ఈ నిఘాను దొరలు తమ కండ్లతో చేయలేదు. హాజరు తప్పినవానిని గూర్చియు, ఊరు విడిచినవానిని గూర్చియు వెంటనే ఠాణాకు తెలుపు బాధ్యతను చట్టము గ్రామాధికారులపైనను, కావలివారిపైనను, భూమి గల ఆసాములపైనను ఉంచినది. అనగా కన్ను మనదే; చూపు మాత్రము వారిది. మా తాతగారు మునసబు. ఆయన మంచివాడనియే ఊరిలో పేరు. ఆ మంచివాడు కూడ ఏండ్ల తరబడి ఆ పుస్తకమును నింపెను.

మద్రాసు ప్రభుత్వము 1947లో ఆ చట్టమును రద్దుచేసినది. మాడభూషి అనంతశయనం అయ్యంగారిగారి అధ్యక్షతను 1949లో ఏర్పడిన సంఘము దేశమంతట దానిని తీసివేయవలెనని సిఫారసు చేయగా, 1952 ఆగస్టు 31వ తేదీతో దేశవ్యాప్తముగ అది అంతరించినది. నేను బాలుడుగా నున్న కాలమునకు అది పోయి చాలయేండ్లైనది. అయినను ఎరుకల వృద్ధుడొకడు పొరుగూరికి పోయి రాత్రి అచట నిలువవలసి వచ్చినపుడెల్ల మా అరుగు దగ్గరకు వచ్చి నిలుచుండెడివాడు. “బాబయ్యా, మా బిడ్డ ఊరికి పోతాండా, ఎల్లుండికి వత్తా” అనువాడు. “ఆ కాయితము ఎప్పుడో పోయినదిరా, నీ యిష్టము వచ్చినచోటికి పొమ్ము” అని తాతగారు చెప్పెడివారు. “ఔను బాబయ్యా, అయినా తమ చెవినేసి పోదామని” అని అతడు తల గోకికొనెడివాడు. మాకు పిల్లలకు అది నవ్వులాటగా నుండెను. తాతగారు నవ్వినట్లు నాకు జ్ఞాపకము లేదు.

చట్టము పోయినను, ‘అలవాటు నేరస్థుల’ చట్టములు దాని స్థానమున రాష్ట్రములలో వచ్చినవి. జాతి మొత్తమునకు బదులు వ్యక్తిని చూచుట వానిలో మేలు. కాని ఠాణాలోని చరిత్రపత్రములు, రాత్రి తనిఖీలు, చౌకీదారు నివేదికలు కొనసాగినవి. ఇవి స్వతంత్ర భారతపు రాజ్యాంగమునకు ఇముడునా యను ప్రశ్న 1962లో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చినది. దానిని తెచ్చినవాడు న్యాయవాదియు కాడు, నాయకుడును కాడు.

ఖరక్ సింగ్ అను ఉత్తరప్రదేశీయుని 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యము లేదని విడిచిపెట్టిరి. నేరము ఋజువు కాలేదు. కాని పోలీసువారు అతని పేర చరిత్రపత్రము తెరచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది నిఘా యనగా నేమో వివరించును: ఇంటి చుట్టును రహస్యపు కాపలా, రాత్రులందు ఇంటి తనిఖీ, అతని నడవడి, స్నేహములు, ఆదాయవ్యయములపై విచారణలు, రాకపోకలపై నివేదికలు. కానిస్టేబుళ్లు, చౌకీదారులు రాత్రివేళ వచ్చి తలుపు బాదుదురనియు, కేకలు వేసి నిద్రలేపుదురనియు, ఊరు విడువవలెనన్న చెప్పి పోవలెననియు అతడు మొరపెట్టుకొనెను.

ఆరుగురు న్యాయమూర్తులు విని, 1962 డిసెంబరులో తీర్పు చెప్పిరి. రాత్రి తనిఖీ చెల్లదని ఆరుగురును ఏకీభవించిరి. ఆ నిబంధన శాసనసభ చేసిన చట్టము కాదు; శాఖవారు తమలో తాము వ్రాసికొన్న ఉత్తరువు మాత్రమే. దాని బలముతో పౌరుని గడప దాటరాదనిరి. తక్కిన కాపలా, విచారణ, నివేదికల విషయమున నలుగురు వేరు త్రోవ పట్టిరి. మనుష్యుని కదలికలను గమనించినంత మాత్రమున అతని కదలికకు అడ్డు తగులలేదనియు, ఏకాంతము మన రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు వారి యభిప్రాయము.

దీనికి ఒప్పుకొనని యిద్దరిలో ఒకరు మన కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వారు. వారి వాదము సామాన్యునికి సులభముగా బోధపడును. కాళ్లకు సంకెల లేనంత మాత్రమున మనుష్యుడు స్వేచ్ఛగా నడచుచున్నట్లు కాదు. వెనుక నొకడు అడుగడుగునకు కనిపెట్టుచుండగా నడచువాడు, తాను చేయదలచినది చేయడు, కలియదలచినవానిని కలియడు. సంకెల కాలికి గాక మనస్సునకు పడినది. రాజ్యాంగములో ఏకాంతమను పదము లేకున్నను, వ్యక్తిస్వేచ్ఛలో అది అంతర్భాగమే. కాబట్టి 236వ నిబంధన మొత్తము చెల్లదు. జస్టిస్ జె. సి. షా వారితో ఏకీభవించిరి. నలుగురికి ఇద్దరు. కనుక శాసనముగా నిలిచినది ఆ నలుగురి మాటయే. సుబ్బారావుగారి వాదము చదివినపుడెల్ల నాకు మా అరుగు దగ్గర తల గోకికొన్న వృద్ధుడు కనబడును. ఆయనను వెంబడించు పోలీసు అప్పటికే లేడు.

ఆ పిమ్మటి కథను క్లుప్తముగ చెప్పెదను. 1975 జూన్ మొదలు 1977 మార్చి వరకు సాగిన అత్యవసర పరిస్థితిలో, నిర్బంధింపబడినవాడు కోర్టు గడప నెక్కు హక్కును కూడ పోగొట్టుకొనెను. 1976 నాటి జబల్పూరు తీర్పులో జస్టిస్ ఖన్నా ఒక్కరే దానికి అడ్డు చెప్పిరి. సుబ్బారావుగారు ఆ 1976లోనే కీర్తిశేషులైరి. పోలీసుల నిఘా రిజిస్టరును గూర్చి కొన్నేండ్లకు వచ్చిన పంజాబు కేసులో, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు నిఘా యుండవచ్చును గాని అది మరుగున నుండవలెననియు, పౌరుని గౌరవమునకు భంగము కలిగింపరాదనియు, సహేతుకమైన కారణము లేక పేరు ఎక్కింపరాదనియు హద్దులు గీచిరి. 1996లో టెలిఫోను సంభాషణలను చాటుగ వినుటకు హోము కార్యదర్శి ఉత్తరువు కావలెననియు, అది రెండు నెలలకు మించి, పొడిగించినను మొత్తము ఆరు నెలలకు మించి సాగరాదనియు సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ వినుటకు ఆధారము 1885 నాటి తంతి చట్టము! జాబులు విప్పుటకు ఆధారము 1898 నాటి తపాలా చట్టము. రెంటి స్థానమున 2023లో క్రొత్త చట్టములు వచ్చినవి. పాత చట్టములలో తక్కినవెన్ని మారినను, వినుటకును విప్పుటకును గల అధికారము క్రొత్తవానిలోను నిలిచియున్నది.

వేలిముద్ర కథ మరియొక వింత. వేలిముద్రలను వర్గీకరించి దాచు కార్యాలయము 1897లో కలకత్తాలో ఏర్పడినది. ఆ లెక్కను తేల్చుటలో పనిచేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశపు ఉద్యోగులు. పేరు మాత్రము వారి పై యధికారియగు హెన్రీ దొరకు దక్కినది. నేరస్థునకై పుట్టిన ఆ ముద్రను నేడు చౌకదుకాణమున బియ్యము కొఱకు మనమందరము యంత్రముపై వేయుచున్నాము. జీవితమంతయు కొడవలి పట్టి వేళ్ల గీతలు అరిగిపోయిన ముదుసలులను యంత్రము గుర్తుపట్టక పోవుట మన ఊరిలోనే చూచియున్నాము. ఈ ఆధార్ విధానముపై కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో వేసిన కేసులో, ఏకాంతము హక్కా కాదా యను పాత ప్రశ్న మరల లేచినది. ప్రభుత్వ పక్షము 1962 నాటి నలుగురి మాటనే చూపినది.

2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఏకాంతము ప్రాథమిక హక్కని తీర్పిచ్చిరి. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్‌గారు ఒకరు. ఖరక్ సింగ్ కేసులో ఆ నలుగురి మాటను త్రోసిపుచ్చి, సుబ్బారావుగారి మాటయే సరియైనదని నిలిపిరి. ఏబదియైదేండ్లు గడచినవి. 1976 నాటి జబల్పూరు తీర్పును కూడ ఆనాడే కొట్టివేసిరి. మరుసటి సంవత్సరము ఆధార్‌ను ప్రభుత్వ సహాయముల వరకు నిలిపి, బ్యాంకు ఖాతాలకును టెలిఫోనులకును ముడిపెట్టుటను తీసివేసిరి. 2023లో వ్యక్తుల సమాచార రక్షణకై పార్లమెంటు ఒక చట్టము చేసినది. అందు దేశభద్రత, శాంతిభద్రతల పేరున తన శాఖలలో తాను కోరినవానికి మినహాయింపు నిచ్చు అధికారమును కేంద్ర ప్రభుత్వము ఉంచుకొన్నది. ఈ మినహాయింపు నాకు రుచింపలేదు. రిజిస్టరు తెరచువాడును, దానిని తనిఖీ చేయువాడును ఒక్కడే యగుట 1871లోనే చూచితిమి.

తుదకు మన గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక చిన్న విన్నపము. ఏ సభ్యుడు ఏ పుస్తకము ఎప్పుడు తీసికొని పోయెనో మన ఇచ్చుబడి రిజిస్టర్లలో నమోదై యున్నది. పాతవి బీరువా అడుగున కట్టలుగా పడియున్నవి. ఎవరు పోయి తీసినను చదువవచ్చును. పుస్తకము భద్రముగ తిరిగి వచ్చి, లెక్కల తనిఖీ ముగిసిన పిదప, ఆ పేర్లను నిలుపుకొనుటకు మనకు గల అవసరమేమో నాకు తోచుటలేదు. ఈ సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో చేర్పవలెనని కోరుచున్నాను. ఆ కట్టలను కాల్చుటకు ముందు, ఏ పుస్తకము ఎన్నిమారులు పోయినదో మాత్రము పేర్లు లేకుండ ఎత్తి వ్రాసికొన్నచో, రాబోవు కొనుగోళ్లకు పనికివచ్చును. ఆ పనికి నేను కూర్చుండుటకు సిద్ధముగ నున్నాను.