అమ్మకూడని మాంసం

మా పక్కింటి పెద్దాయన రెండేళ్ళ క్రితం, మూతబడిన ఒక కిరాణా దుకాణం నుంచి కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి కొనుక్కొచ్చాడు. రెండు గాజు తలుపులు, మనిషి కంటే ఎత్తు. నలుగురం పట్టి గరాజులో దింపేసరికి నడుములు పోయాయి. మనవరాలి పెళ్ళేదో ఉంది కాబోలు అనుకున్నాను. "జింక కోసం," అన్నాడాయన.

మేముండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్‌కి పడమటి పక్క. ఇక్కడ థాంక్స్‌గివింగ్ ముందటి శనివారం తుపాకీ వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో పెట్రోల్ బంకుకి వెళ్తే అందరూ నారింజరంగు కోట్లలోనే ఉంటారు. ఇదివరకు ఆయన జింకని గరాజు దూలానికే వేలాడదీసేవాడు. బయట చలే ఫ్రిజ్. కానీ ఈమధ్య నవంబరుని నమ్మడానికి లేకుండా పోయింది. ఒకరోజు గడ్డకట్టే చలి, మర్నాడు చొక్కాతో తిరగొచ్చు. మాంసానికి ఆ రెండూ మంచివి కావు.

అరలన్నీ తీసేశాం. నేను ఉత్సాహంగా డ్రిల్ మిషన్ అందుకుని, గోడకి కొక్కేలు దిగేద్దామన్నాను. ఆయన గబుక్కున ఆపాడు. ఫ్రిజ్ గోడంటే రెండు పల్చటి రేకుల మధ్య గట్టిపడ్డ నురగ, అంతే. బరువు మోయదు. పైగా దాని లోపల ఏ మూల కరెంటు తీగ ఉందో, ఏ మూల గ్యాసు గొట్టం ఉందో పైకి తెలీదు. అందుకని ఇనప గొట్టాలతో గుమ్మం లాంటి చట్రం చేసి లోపల నేలమీదే నిలబెట్టాడు. కాళ్ళ కింద చెక్కలు, పైన అడ్డంగా ఒక కడ్డీ, దానికి కొక్కేలు. కింద కారేదంతా పట్టడానికి వెడల్పాటి ట్రే. బరువు ముందుకి ఊగితే ఫ్రిజ్ బోర్లా పడుతుందని వెనక గోడకి పట్టీలు బిగించాడు. లోపల ఫ్యాను, చలి కొలిచేది ఒకటి, తేమ కొలిచేది ఒకటి. తేమ తక్కువైతే మాంసం పైన తోలులా ఎండి అట్టకడుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. చలి మాత్రం ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉండాలి.

ఊగే బరువు అనగానే నాకు పాత రైలు పెట్టెలు గుర్తొచ్చాయి. 1868లో విలియం డేవిస్ అనే డెట్రాయిట్ మనిషి ఐసుతో చల్లబరిచే రైలు పెట్టెకి పేటెంటు తీసుకున్నాడు. జార్జ్ హామండ్ అనే వ్యాపారి అలాంటి పెట్టెల్లో పశుమాంసం తూర్పు నగరాలకి పంపాడు. మాంసాన్ని పైన వేలాడదీసేవారు. మలుపు వచ్చినప్పుడల్లా మొత్తం ఒకేసారి ఒక పక్కకి ఊగి, పెట్టెలు పట్టాలు తప్పేవి. షికాగోలో గుస్టావస్ స్విఫ్ట్ 1870ల చివర్లో ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరుని పెట్టుకుని దీన్ని చక్కబెట్టించాడు. ఐసు పైన, మాంసం కింద కదలకుండా. చల్లగాలి బరువు కాబట్టి దానంతటదే కిందికి దిగుతుంది. ఆ ఐసు ఎక్కడిదంటే, చాలావరకు చలికాలంలో మా విస్కాన్సిన్ చెరువుల్లో రంపాలతో కోసిందే. (చెరువు ఐసు వ్యాపారం మనకి తెలియనిదేం కాదు. 1833లో బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐసుతో బయల్దేరి కలకత్తా చేరేసరికి వంద టన్నులు మిగిలింది. మద్రాసు బీచిలో ఐస్ హౌస్ కట్టింది కూడా ఆ వ్యాపారం కోసమే.)

"ఇంత తంటా ఎందుకు, జింక మాంసం కొనుక్కోవచ్చుగా?" అని ఆయన్ని అడిగాను. అమెరికాలో డబ్బిస్తే దొరకనిదేముంటుందని నా ధీమా. "వేటాడిన జింకని అమ్మడం నేరం. ఇవ్వొచ్చు, అమ్మకూడదు," అన్నాడు. హోటళ్ళలో వడ్డించేది ఫారాల్లో పెంచింది, చాలాసార్లు న్యూజిలాండ్ నుంచి దిగుమతైంది. ఈ దేశంలో అడవి జింక మాంసానికి ధర లేదు. ఎందుకు లేదో వెతుక్కుంటూ పోతే మళ్ళీ ఐసు దగ్గరికే వచ్చాను.

ఐసు, రైలు రాకముందు వేటగాడు తినగలిగినంత, ఎండబెట్టగలిగినంత, ఊళ్ళో పంచగలిగినంత కొట్టేవాడు. అవి వచ్చాక అతని ఊరు న్యూయార్క్ దాకా సాగింది. 1871లో విస్కాన్సిన్ మధ్యభాగంలో 850 చదరపు మైళ్ళ అడవి నిండా పాసింజర్ పావురాలు గూళ్ళు పెట్టాయి. మొత్తం 13 కోట్ల 60 లక్షల పక్షులని తరవాతివాళ్ళు లెక్కగట్టారు. టెలిగ్రాఫ్‌లో కబురు పాకింది, రైళ్ళెక్కి వేటగాళ్ళు దిగారు. చంపిన పావురాలని పీపాల్లో ఐసు వేసి షికాగోకి, మిల్వాకీకి పంపించారు. ఏడేళ్ళ తరవాత మిషిగన్‌లోని పెటోస్కీలో ఇదే తంతు. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో మార్తా అనే పావురం చచ్చిపోయింది. ఆ జాతిలో అదే ఆఖరుది. దాన్ని 300 పౌన్ల ఐసు దిమ్మలో గడ్డకట్టించి, రైలెక్కించి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కి పంపారు. ఈ సంగతి చదివిన రోజు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

జింకలూ ఆ దారినే పోతున్నాయి అప్పటికి. 1900 ప్రాంతంలో దేశమంతటా కలిపి తెల్లతోక జింకలు అయిదు లక్షలకి మించి లేవని అంచనా. ఆ ఏడాదే, అయోవా నుంచి ఎన్నికైన జాన్ లేసీ పేరుతో చట్టం వచ్చింది: ఒక రాష్ట్రపు చట్టాన్ని మీరి కొట్టిన జంతువుని ఇంకో రాష్ట్రానికి రవాణా చేస్తే కేంద్రం పట్టుకుంటుంది. ఒకటొకటిగా రాష్ట్రాలు వేట మాంసం అమ్మకాన్నే నిషేధించాయి. వేట పోలేదు, బేరం పోయింది. ఇవాళ ఆ జింకలు సుమారు మూడు కోట్లు. కాపాడినవాళ్ళలో వేటగాళ్ళే ఎక్కువమంది కావడం మనకి ఇబ్బందిగా అనిపించొచ్చు. నాకూ మొదట్లో అనిపించింది.

అలా, అడవుల్ని ఖాళీ చేసిన ఆ చల్లదనమే ఇప్పుడు అమ్మడానికి వీల్లేని ఒక్క జింక కోసం ఈయన గరాజులో గుర్రుమంటూ తిరుగుతోంది.

చంపిన మాంసాన్ని వారం వేలాడదీయడం మాత్రం నాకు మింగుడు పడలేదు. మా తాతది ఏటూరునాగారం అడవి పక్క పల్లె. 1972 చట్టానికి ముందు మాట. దుప్పి పడిందంటే అక్కడికక్కడే కోసి, ఆకుల మీద పోగులు పెట్టి, ఇంటికో పోగు పంచేవారట. "పొద్దుగూకేదాంక ఉంచితె పాడైతది బిడ్డా," అనేవాడు. మిగిలింది పొయ్యిమీద తీగకి ఒరుగులయ్యేది. పక్కింటాయన దగ్గర ఇంకో శాస్త్రం ఉంది. జంతువు చచ్చాక కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీ అయిపోయి అవి కొయ్యబారతాయి. ఆ తరవాత కండరాల్లోని ఎంజైములే పీచుని నెమ్మదిగా తెంచి మెత్తబరుస్తాయి. అలాగని చంపిన వెంటనే మరీ చల్లబెట్టినా తప్పే, కొయ్యబారకముందే కండ ముడుచుకుపోయి రబ్బరవుతుంది. గొర్రెమాంసం విషయంలో దీన్ని 1960లలో న్యూజిలాండ్ పరిశోధకులు పట్టుకున్నారు. అందుకే మొదటి రోజు ఆయన ఫ్రిజ్‌ని పది డిగ్రీల పైనే ఉంచుతాడు. తాతకి ఆ వేడిలో వారం ఆగే వీల్లేదు, అందుకే పోగులు. ఇద్దరూ సరైనవాళ్ళే.

ఫ్రిజ్‌కి ఇంకో కారణం కూడా ఉందని మొన్న నవంబరులో తెలిసింది. జింకలకి మెదడు తినేసే జబ్బొకటి ఉంది, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది, అదీ మా చుట్టుపక్కలే. అది మనుషులకి సోకినట్టు ఇంతవరకూ రుజువు లేదు. కానీ వండినా, గడ్డకట్టించినా చావదు. అందుకని తలని ప్రభుత్వం పెట్టిన డబ్బాలో వేసి, గొంతు దగ్గరి గ్రంథుల పరీక్ష ఫలితం వచ్చేదాకా తినకుండా ఆగుతారు.

ఆయన కొట్టిన జింక పెద్దది. నడుము దగ్గర రెండుగా కోస్తే గానీ ఫ్రిజ్‌లో పట్టలేదు. వెనక తొడ నాకన్నాడు. మా ఆవిడ ధనియాలు, గసగసాలు వేయించి పొడి కొట్టి సీసాలో పోసి ఉంచింది. నేను సాయంత్రాలు వెళ్ళి గాజు తలుపులోంచి చూసి వచ్చేవాణ్ణి. తొమ్మిదోరోజుకి కండ ముదురెరుపు తిరిగి, వేలితో నొక్కితే లొట్టపడేలా మెత్తబడింది.

పన్నెండో రోజు ఆయన గరాజు తలుపు తీసే ఉంది. ఫోను నా చేతికిచ్చాడు. జబ్బు ఉందని వచ్చింది. ఇద్దరం చేతులకి తొడుగులు వేసుకుని రెండు ముక్కలూ దింపి, మందపాటి సంచుల్లో కట్టి, అలాంటివి పారేయడానికే ఊరి బయట పెట్టిన ఇనప తొట్టిలో వేసి వచ్చాం. దారిలో ఆయనేం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కడ్డీ, కొక్కేలు బ్లీచిలో నానబెట్టాడు. నేను ఫ్రిజ్ ప్లగ్గు తీయబోతుంటే వద్దన్నాడు. విల్లంబుల వేట సీజను జనవరి దాకా ఉందట.