కాడి దిగిన ఒంగోలు గిత్త

కృష్ణా డెల్టా రైతు ఒంగోలు ఆవును ప్రధానంగా పాల కోసం పెంచలేదు, అది ఈనే కోడెదూడ కోసం పెంచాడు. పాడికి గేదె, బండికీ సేద్యానికీ ఎద్దు: గన్నవరం చుట్టుపక్కల రైతు ఇళ్ల లెక్క అదే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తై కాలవలు పారాక వరి విస్తరించింది. కుప్ప నూర్చాలన్నా, బస్తాలు మిల్లుకు చేరాలన్నా బలమైన జత ఉండాల్సిందే. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, ఎండకు చెదరని ఓపిక ఉన్న తెల్లటి ఎడ్ల కోసం రైతులు ఉలవలు, పత్తిగింజలు దాచిపెట్టేవారు.

పని పోయాక జాతికి గడ్డుకాలం మొదలైంది. 1960ల తర్వాత తక్కువ కాలంలో పండే వరి వంగడాలొచ్చాయి. సార్వా కోసిన వెంటనే దాళ్వాకు దమ్ము చేయాలి. ఆ తొందరకు ట్రాక్టరు అందుకుంది, ఎద్దు అందుకోలేకపోయింది. పాలవైపు చూస్తే గేదెలు, జెర్సీ సంకర ఆవులు ముందున్నాయి. ఒంగోలు ఆవుకు కొట్టంలో చోటు తగ్గింది.

అదే జాతికి సముద్రం అవతల మరో పని దొరికింది.

ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్‌లో ఈ పశువులు 'నెలోర్' అయ్యాయి. 19వ శతాబ్దంలో మొదలైన దిగుమతులు 1960ల ఆరంభం దాకా సాగాయి. ఒంగోలు పక్కనున్న కరవది పేరుతో అక్కడికెళ్లిన ఆబోతు సంతతి ఆ దేశమంతా పాకింది. ఇవాళ బ్రెజిల్‌లో ఉన్న 20 కోట్లకు పైగా పశువుల్లో అధికభాగం నెలోర్, దాని సంకరాలే. అక్కడ వాటిని పెంచేది మాంసానికి. 2023లో వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైంది. ఆ ధర ప్రకారం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లు.

ఇక్కడ గిత్తకు గిరాకీ నిలబెడుతున్నవి బండలాగుడు పోటీలు. సంక్రాంతికి గుడివాడ లాంటిచోట్ల పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ విభాగాలవారీగా జతలు దిగుతాయి. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదాన్ని బట్టే గెలుపు. మంచి జత లక్షల్లో పలుకుతుంది.

ఆ ధర ఆవుకు రాదు. పందెం గిత్తను కనాల్సింది అదే అయినా, పాలు తక్కువన్న కారణంతో చాలామంది దాన్ని ఉంచుకోరు. అందుకే గుంటూరు దగ్గరి లాం ఫారం, నెల్లూరు జిల్లా చింతలదేవి కేంద్రం మేలుజాతి ఆవుల మందలను కాపాడుతున్నాయి. గన్నవరంలో 1998లో ఏర్పడిన ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో చదివే పిల్లల్లో చాలామంది ట్రాక్టర్లొచ్చాక పుట్టినవాళ్లే. ఒంగోలు జాతి లక్షణాలు వాళ్లకు పరీక్షలో వచ్చే ప్రశ్న. వాళ్ల తాతలకు సంతలో ఎడ్ల బేరం కుదుర్చుకునే ముందు చూసుకునే లెక్క.