వీణ గుర్రం వంపులోని నాదం

ఒకే షడ్జమాన్ని ఒకే శ్రుతిలో, ఒకే తీవ్రతతో వీణ మీదా వేణువు మీదా వయొలిన్ మీదా పలికించినా, కళ్లు మూసుకుని విన్నవాళ్లు ఏది ఏదో చెప్పేస్తారు. ఆ తేడా పేరే నాదగుణం. తీగ మొత్తంగా ఊగుతూనే రెండు, మూడు, నాలుగు భాగాలుగా కూడా ఊగుతుంది. మూలస్వరంతో పాటు అలా పుట్టే అనుస్వరాల్లో ఏది ఎంత బలంగా ఉందన్నదే నాదగుణాన్ని చాలావరకు నిర్ణయిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863 నాటి తన గ్రంథంలో వివరించాడు. స్వరం ఎలా మొదలవుతుంది, ఎలా సన్నగిల్లుతుంది అన్నదీ అంతే ముఖ్యమని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి.

వీణ నేటి రూపానికి రావడానికి చాలా కాలం పట్టింది. 1550లో రామామాత్యుడు రాసిన ‘స్వరమేళకళానిధి’ వీణలను శ్రుతి చేసే తీరును బట్టి విడదీసి చెప్పింది. వాటిలో ఒకదానికి విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల పేరే ఉంది. అన్ని రాగాలకూ సరిపోయేలా మెట్లు స్థిరపరిచిన వీణలూ, రాగాన్ని బట్టి మెట్లు సర్దుకునే వీణలూ అప్పట్లో రెండూ వాడుకలో ఉండేవి. నేటి 24 మెట్ల వీణను స్థిరపరిచిన ఘనతను సంప్రదాయం తంజావూరు రఘునాథ నాయకుడికి ఇస్తుంది. 17వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో రాజ్యమేలిన ఆయన తెలుగులో కావ్యాలు రాసిన కవి కూడా.

తెలుగునేల మీద వీణల తయారీకి పేరుపడ్డది బొబ్బిలి. విజయనగరం జిల్లాలో ఆ పట్టణాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశస్థులు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. సంస్థాన ప్రభువుల ఆదరణలో పెరిగిన విద్య ఇది. పనస దుంగను ఒకే కర్రగా ఉంచి నాదపేటిక అయిన కుండనూ, మెట్లుండే దండినీ తొలవడం ఇక్కడి ప్రత్యేకత. పనస తేలిక కర్ర; బాగా ఆరితే త్వరగా పగలదు, తీగ కదలికను కుండ పైపలకకు చక్కగా అందిస్తుంది. దండి మీద నల్లటి మైనంలో ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా, చెవితో సరిచూసుకుంటూ నిలబెడతారు. శ్రుతి తప్పిన మెట్టును మైనం కరిగించి మళ్లీ సర్దవచ్చు. ఎడమవైపు బుర్ర కంటికి నిండుగా కనిపించినా, నాదంలో దాని పాలు కొద్దిదే.

నాదం అసలు గుట్టు గుర్రంలో ఉంది. కుండ మీద నిలిచే ఈ చెక్క వంతెన నెత్తిన లోహపు రేకు ఉంటుంది. వయొలిన్ గుర్రం అంచు పలుచగా ఉంటుంది కాబట్టి తీగ ఒకే చోట ఆనుతుంది. వీణ గుర్రం వెడల్పు. పైభాగం కనీకనిపించనంత వంపు తిరిగి ఉంటుంది. మీటిన తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును కాస్త తాకుతూ, కాస్త వదులుతూ సాగుతుంది. వంపు కుదరకపోతే తీగ గరగరలాడుతుంది, లేదా నాదం మొద్దుబారుతుంది. వాడకంలో తీగలు రేకు మీద గాట్లు చేస్తాయి. అప్పుడు దాన్ని మళ్లీ ఆకురాయితో నునుపు చేయాలి.

ఈ వంపు గొప్పతనాన్ని శాస్త్రలోకానికి చెప్పినవాడు సి.వి. రామన్. తండ్రి విశాఖపట్నం కళాశాలలో అధ్యాపకుడు కావడంతో ఆయన బాల్యం అక్కడే గడిచింది; భార్య లోకసుందరి వీణ వాయించేవారు. తీగను సరిగ్గా మధ్యలో మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక ఉండని అనుస్వరాలు పుట్టకూడదన్నది యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేరిట ఉన్న సూత్రం. వీణ, తంబురాల్లో అవి కూడా బలంగా వినిపిస్తాయని రామన్ 1921లో ప్రకటించాడు. కారణం గుర్రపు వంపేనన్నాడు. తంబురాలో గుర్రానికీ తీగకూ మధ్య దూర్చే నూలుపోగు కూడా ఆ పనికే. అంటే వడ్రంగులు చెవిని నమ్ముకుని తరాలుగా దిద్దిన వంపు, ఐరోపా పుస్తకాల్లోని ఒక నియమానికి హద్దు గీసింది. చదువుకున్నవాళ్లు వాళ్లను ఒట్టి చెక్కపనివాళ్లుగా చూడడం అన్యాయం.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుందే గాని, గుర్రాన్ని దిద్దే చేతిని తయారుచేయలేదు. ఆ పని పెద్దల పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తుంది. అలా కూర్చునే యువకులకు బతుకుతెరువు చూపడం సంగీత కళాశాలలూ ప్రభుత్వమూ కలిసి చేయవలసిన పని.