పెరోనీ వ్యాధి: తొలి దశ లక్షణాలు, చికిత్సల చరిత్ర

పెరోనీ వ్యాధి పురుషాంగం లోపలి పొరలో మచ్చ కణజాలం పేరుకుపోయి అంగం వంగిపోయే జబ్బు. స్తంభన సమయంలో రక్తంతో నిండే రెండు స్పంజి వంటి గొట్టాలను చుట్టి ట్యూనికా అల్బుజీనియా అనే దిట్టమైన పొర ఉంటుంది. ఆ పొరలో ఒకచోట ప్లాక్ అనే గట్టి భాగం ఏర్పడితే అక్కడ సాగదు, మిగతా చోట్ల సాగుతుంది. దాంతో అంగం ప్లాక్ ఉన్న వైపుకు వంగుతుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నడివయసు దాటినవారిలో ఎక్కువగా కనిపించినా యువకులకూ వస్తుంది. జర్మనీలోని కొలోన్ ప్రాంతంలో జరిగిన సర్వే ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వాటి ప్రకారం పురుషుల్లో 3.2 శాతం మందికి ఈ లక్షణాలున్నాయి. సిగ్గుతో దాచుకునే జబ్బు కాబట్టి ఏ లెక్కయినా అసలు సంఖ్య కంటే తక్కువే కావచ్చు.

ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు గాబ్రియేలే ఫలోపియో రాతల్లో 16వ శతాబ్దంలోనే ఈ జబ్బు ప్రస్తావన ఉందని వైద్య చరిత్రకారులు గుర్తించారు. అయినా పేరు దక్కింది ఫ్రాన్స్ రాజు 15వ లూయీకి శస్త్రవైద్యుడైన ఫ్రాన్స్వా జిగో ద లా పెరోనీకి. 1678లో మోంపెలియేలో పుట్టిన ఈయన 1731లో పారిస్‌లో రాజశస్త్రవైద్య అకాడమీ స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. ఆ అకాడమీ 1743లో ప్రచురించిన సంపుటంలో ఆయన వ్యాసం వచ్చింది. వీర్యస్ఖలనానికి అడ్డుపడే కారణాలే ఆ వ్యాసం విషయం. అంగం పొడవునా జపమాల పూసల్లా గట్టి గడ్డలు ఏర్పడి, స్తంభన వేళ అంగం పైకి వంగిన రోగుల సంగతి అందులో భాగంగా చెప్పాడు. పిరనీస్ పర్వతాల్లోని బారేజ్ వేడినీటి బుగ్గల నీళ్లతో స్నానాలు చేయమని సూచించాడు.

తర్వాతి రెండు వందల ఏళ్లలో చికిత్సలు చాలా మారాయి గానీ రోగులకు ఒరిగింది తక్కువే. పాదరసం, అయొడైడు లవణాలు వాడారు, విద్యుత్ ప్రసరింపజేశారు, 20వ శతాబ్దంలో రేడియేషన్ కూడా ఇచ్చారు. 1940ల చివర అమెరికాలో స్కార్డినో, స్కాట్ విటమిన్ ఇ వాడి చూశారు. చౌకగా దొరికే మందు, పెద్దగా ప్రమాదం లేనిది కావడంతో దశాబ్దాల తరబడి వైద్యులు దాన్నే రాస్తూ పోయారు. తర్వాతి పరీక్షల్లో వంపు మీద దాని ప్రభావం రుజువు కాలేదు. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల్లో విటమిన్ ఇ, టామోక్సిఫెన్, ఒమెగా-3 వంటి మాత్రలు ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది.

ఇన్ని మందులు పనిచేసినట్టు కనిపించడానికి కారణం జబ్బు నడకలోనే ఉంది. పెరోనీ వ్యాధికి రెండు దశలు. మొదటిది వాపుతో కూడిన చురుకైన దశ. కొందరిలో ఇది ఆరు నెలలకే చల్లారుతుంది, మరికొందరిలో ఏడాదిన్నర దాకా సాగుతుంది. ఈ దశలో నొప్పి ఉంటుంది, వంపు మారుతూ ఉంటుంది. రెండోది వంపు ఒకేచోట నిలిచిపోయే స్థిరదశ. ఏ మందూ వేసుకోకపోయినా చాలామందిలో నొప్పి తగ్గిపోతుంది. అది తగ్గే సమయానికి రోగి ఏ మందు వాడుతుంటే ఆ మందుకే పేరొచ్చింది. ఈ సంగతిని తేల్చిన ముఖ్యమైన పరిశీలనను న్యూయార్క్‌లో జాన్ మల్హాల్ బృందం 2006లో ప్రచురించింది. చికిత్స తీసుకోని 246 మందిని ఏడాదికి పైగా గమనించగా నొప్పి ఉన్నవారిలో దాదాపు 90 శాతం మందికి అది పూర్తిగా పోయింది. వంపు మాత్రం 12 శాతం మందిలోనే తగ్గింది, 40 శాతం మందిలో అలాగే ఉంది, 48 శాతం మందిలో పెరిగింది. వంపు తనంతట తానే పోతుందని రోగికి ధైర్యం చెప్పడం సరికాదని దీనితో తేలింది.

జబ్బు ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకు 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో కొంత సమాధానం దొరికింది. సంభోగంలో అంగం మెలిపడినా, ఒత్తిడి పడినా పొరలో చిన్న చీలికలు ఏర్పడి రక్తం చిమ్ముతుంది. జన్యుపరమైన మొగ్గు ఉన్నవారిలో ఆ గాయం మామూలుగా మానదు. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ ఎక్కువై కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ అతిగా పేరుకుంటుంది. అరచేతి పొర ముడుచుకుపోయి వేళ్లు వంగే డుప్యుట్రెన్ వ్యాధి ఉన్నవారిలో పెరోనీ ఎక్కువగా కనిపించడం కూడా ఈ అభిప్రాయానికి బలమిస్తుంది. చాలామందికి దెబ్బ తగిలిన జ్ఞాపకమే ఉండదు.

తొలి దశ అందరిలో ఒకేలా ఉండదు, పుస్తకాల్లోని వర్ణనతో సరిపోలని లక్షణాలే రోగులను ఎక్కువ భయపెడతాయి. కొందరికి వంపు కంటే ముందు నొప్పి వస్తుంది. అది స్తంభన వేళే కాక మామూలు స్థితిలో కూడా ఉండవచ్చు, నిద్రలో వచ్చే స్తంభనలతో మెలకువ తెప్పించవచ్చు. కొందరిలో అంగం మధ్యలో సన్నబడి నడుము కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ బలం లేక మడత పడుతుంది. కొందరికి వంపు లేకుండా పొడవు తగ్గుతుంది, లేదా అంగం మెలిదిరుగుతుంది. గడ్డ చేతికి తగలకుండానే చివరి భాగం మెత్తగా ఉండిపోవడం కూడా జరుగుతుంది. ఇదే జబ్బని వెంటనే అనుకోకూడని లక్షణాలూ ఉన్నాయి. చర్మం కింద తాడులా నొప్పిగా తగిలేది మోండార్ వ్యాధి, అంటే ఉపరితల సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. సంభోగంలో టప్పుమని శబ్దమై వెంటనే స్తంభన పోయి వాచి నల్లబడితే అంగం పొర చిరిగినట్టే. అప్పుడు అత్యవసర శస్త్రచికిత్స అవసరం.

తెలుగునాట ఇలాంటి బాధలన్నిటినీ నరాల బలహీనత అనేసి, గోడల మీద రాసిన ప్రకటనల మందుల కోసం వెళ్లేవారున్నారు. వెళ్లవలసింది యూరాలజిస్టు దగ్గరకు. ఆయన చేత్తో పరీక్షించి, అవసరమైతే అంగంలోకి మందు ఎక్కించి స్తంభన కలిగించి వంపు ఎన్ని డిగ్రీలో కొలుస్తారు. అల్ట్రాసౌండ్‌తో ప్లాక్, రక్తప్రసరణ చూస్తారు. చురుకైన దశలో నొప్పికి వాపు తగ్గించే మాత్రలు ఇస్తారు. షాక్‌వేవ్ చికిత్స నొప్పిని తగ్గించవచ్చు గానీ వంపును కాదు. బలవంతంగా వంచి సరిచేయాలని చూస్తే కొత్త గాయాలవుతాయి. నొప్పి పెట్టే భంగిమలు మానుకోవడం, భార్యతో దాచకుండా మాట్లాడటం కూడా చికిత్సలో భాగమే. న్యూయార్క్‌లోనే 2008లో ప్రచురితమైన అధ్యయనంలో రోగుల్లో 48 శాతం మందికి గమనించదగ్గ మానసిక కుంగుబాటు కనిపించింది. కాబట్టి మానసిక వైద్యుని సాయం అడగడం బలహీనత కాదు.

శస్త్రచికిత్సకు మాత్రం వంపు స్థిరపడే దాకా ఆగాలి. అమెరికా వైద్యుడు రీడ్ నెస్బిట్ 1965లో పుట్టుకతో వచ్చే వంపుకు పొరను ఎదుటి వైపు కత్తిరించి కుట్టే పద్ధతిని వివరించాడు. 1979లో ప్రయర్, ఫిట్జ్‌పాట్రిక్ దాన్ని పెరోనీకి వాడారు. చురుకైన దశలో కోస్తే జబ్బు ఇంకా ముదిరి కొత్త వంపు రావచ్చు. కోత లేని చికిత్సల్లో, ప్లాక్‌లోని కొల్లాజెన్‌ను కరిగించే కొల్లాజనేజ్ ఇంజెక్షన్‌కు 2013 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. ప్లాక్ చేతికి తగిలి, వంపు 30 డిగ్రీలకు తక్కువ కాకుండా ఉన్నవారికే అది వర్తిస్తుంది. ప్రయోగాల్లో వంపు సగటున 34 శాతం తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో 18 శాతం. యూరప్‌లో ఆ మందును కంపెనీయే 2020లో వెనక్కి తీసుకుంది.