గాలి త్రాగు చేప

చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని సామెత. అట్టి చేప నిండు నీటిలో ఊపిరాడక చనిపోయినదని ఎవరైనా చెబితే విన్నవారు నవ్వుతారు. కాని అట్టి చేపలు ఉన్నవి. నీటి పైభాగమునకు రాకుండ వాటికి అడ్డముగా ఒక వలతెరను కట్టితే చాలు. చుట్టును ఎంత నీరున్నప్పటికి అవి ప్రాణము విడుస్తాయి. అలంకారము కొరకు ఇండ్లలో గాజుతొట్టెలలో పెంచుకొను గౌరామి చేప ఈ కోవకు చెందినదే.

గౌరామి ఎందుకు మాటిమాటికి పైకి వచ్చి గ్రుక్కెడు గాలిని మ్రింగుతుంది? ఈ చిన్న ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు దాదాపు నూరు సంవత్సరములు పట్టినది. ఈ లోపల మహా పండితులనదగిన ఇద్దరు పొరపాటు పడినారు. ఆ పొరపాట్లు తీరిన విధమును తెలిసికొంటే, ఇంటిలో ఈ చేపను పెంచవలసిన పద్ధతి కూడ తెలియవచ్చును.

గౌరామి అను పేరు జావా ద్వీపపు భాషనుండి వచ్చినది. ఆ పేరుగల చేపలలో అనేక రకములున్నవి. జావా ప్రాంతములో ఆహారమునకై పెంచు పెద్ద గౌరామి రెండడుగుల పొడవు వరకు పెరుగుతుంది. గంగా బ్రహ్మపుత్రా నదుల మైదానములలో నివసించు చిన్న గౌరామి, తేనె గౌరామి అను రకములు మూడంగుళములకు అటుఇటుగా ఉంటాయి. ఇండ్లలో పెంచుటకు తగినవి ఈ చిన్నవే. చిన్న గౌరామిలో మగచేప ఒంటిపై ఎరుపు, నీలము చారలు వంకరటింకరగా మెరుస్తుంటాయి. పొట్టక్రింది రెండు రెక్కలు సన్నని దారములవలె సాగి ఉంటాయి. చీకట్లో నడచువాడు చేయి చాచి తడుముకొన్నట్లు, ఈ చేప ఆ దారములతో ఎదుటి వస్తువును తాకి చూచుకొంటుంది.

ఈ చేపలు పారు నీటికంటె నిలువ నీటిని ఎక్కువగా ఆశ్రయిస్తాయి. వరిమళ్ళు, మడుగులు, నాచు దట్టముగా పెరిగిన గుంటలు వీటి స్థానములు. అట్టిచోట్ల ఎండకు నీరు వేడెక్కుతుంది. ఆకులు అలములు కుళ్ళుతాయి. నీటిలో కరిగియున్న ఆమ్లజని, అనగా ప్రాణవాయువు, చాల తగ్గిపోతుంది. మొప్పలతో మాత్రమే శ్వాసించు చేపలు అక్కడ బ్రతుకుట కష్టము. గౌరామి బ్రతుకుతుంది. దాని తలలో, మొప్పలకు పైగా, ఇరుప్రక్కల ఒక్కొక్క చిన్న గది ఉన్నది. మొదటి మొప్ప యొక్క ఎముక పైభాగము పలుచని రేకులవలె మడతలుపడి ఆ గదిలో విస్తరించి ఉంటుంది. ఆ మడతలను కప్పిన పొర సన్నని రక్తనాళములతో నిండి ఉంటుంది. వివాదమంతయు ఈ అవయవమును గురించియే.

1770 ప్రాంతములో ఫిలిబేర్ కొమెర్సన్ అను ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు మారిషస్ ద్వీపములో పెద్ద గౌరామిని చూచినాడు. ఆ చేప ఆ ద్వీపమునకు స్వతఃసిద్ధమైనది కాదు. తూర్పు దేశములనుండి తెచ్చి పెంచుచుండినారు. కొమెర్సన్ దాని తలను కోసి చూడగా ఈ ఎముక మడతలు కనిపించినవి. జంతువుల ముక్కులోపల కూడ ఇట్టి మడతలే ఉంటాయి గదా! కాబట్టి ఇది వాసన చూచు అవయవమని ఆయన తలచినాడు. గ్రీకు భాషలో వాసన చూచుట అను అర్థముగల మాటనుండి ఆ చేపకు 'ఓస్ఫ్రొనేమస్' అని పేరు పెట్టినాడు. ఆయన 1773లో మరణించినాడు. ఆ పేరును లాసెపీడ్ అను శాస్త్రజ్ఞుడు 1801లో గ్రంథస్థము చేసినాడు. ఊహ తప్పని తరువాత తేలినది. పేరు మాత్రము నేటికిని నిలిచి ఉన్నది.

ఈ మధ్యకాలములో దక్షిణ భారతమునుండి ఒక వింత వార్త ఐరోపాకు చేరినది. తంజావూరు తీరములోని తరంగంబాడి అప్పుడు డేనిష్‌వారి స్థావరము. అక్కడి డాల్డార్ఫ్ అను సైనికోద్యోగి, 1791లో తాటిచెట్టు మ్రానుపై నేలకు అయిదడుగుల ఎత్తున ఒక చేప ప్రాకుచుండగా పట్టుకొన్నానని వ్రాసినాడు. ఆ వ్యాసము 1797లో లండనులోని లిన్నేయన్ సంఘము వారి పత్రికలో అచ్చయినది. ఆ చేప గౌరామికి దగ్గరి చుట్టము; దాని తలలోను ఇట్టి మడతలే ఉన్నవి. అది నిజముగా చెట్టెక్కునా లేదా అనుమాట అటుంచి, నీరు విడిచి చాలసేపు నేలపై బ్రతుకుననుట మాత్రము నిజము. మరి అది ఎట్లు సాధ్యము?

ప్రాణుల అస్థిపంజరములను పోల్చి చూచుటలో సాటిలేనివాడని పేరుపొందిన జార్జి కువియే దీనికి సమాధానము చెప్పినాడు. 1831లో వెలువడిన తన మత్స్యశాస్త్ర గ్రంథ సంపుటములో ఈ చేపలనన్నిటిని ఒక కుటుంబముగా చేర్చి, ఆ మడతల అవయవమును 'లాబిరింత్' అను పురాతన కట్టడముతో పోల్చినాడు. లోపలికి పోయినవానికి బయటికి దారి తెలియని కట్టడమది. మన పద్మవ్యూహము వంటిది. ఆయన అభిప్రాయములో ఆ మడతలు నీటిని నిలువచేయు అరలు. చేప నేలపైకి వచ్చినప్పుడు ఆ నీరు కొద్దికొద్దిగా జారి మొప్పలను తడుపుతుందని ఆయన భావించినాడు. ఎడారిలో ప్రయాణికుడు తోలుతిత్తిలో నీరు మోసుకొనిపోయినట్లన్నమాట.

ఊహ సొంపుగానే ఉన్నది. కాని అదియు తప్పే. పొరపాటునకు కారణము తెలివితక్కువతనము కాదు. సీసాలలో సారాయిలో నిలువచేసిన చేప కళేబరములనుబట్టి అవయవపు ఆకారము తెలియును గాని, అది చేయు పని తెలియదు. ఇదే సమయములో మన దేశపు బెస్తవారు కొర్రమీనును కొద్దిపాటి నీరుగల కుండలో ప్రాణముతో సంతకు తెచ్చి అమ్ముచునే ఉండినారు. కొర్రమీను గాలిగది గౌరామి దానివలె మడతలు మడతలుగా ఉండదు. అయినను అదియు గాలి పీల్చు చేపయే. నీరు తక్కువైనను అది చావదనుట అనుభవముచే వారెరుగుదురు. శాస్త్రజ్ఞుడు కూడ ఆ చేపను ప్రాణముతో, కొన్ని దినములపాటు, కండ్ల యెదుట ఉంచుకొని చూడవలసియుండెను. అందుకు సాధనము కావలెను. ఆ సాధనమే గాజుతొట్టి.

గాజుపాత్రలో చేపనుంచుట క్రొత్త కాదు. ఎక్కువ కాలము బ్రతికించుటయే కష్టము. నీటిని మాటిమాటికి మార్చవలసివచ్చెడిది. పుదీనా మొక్క చెడిన గాలిని బాగుచేయునని ప్రీస్ట్‌లీ 1771లో కనుగొన్నాడు. వెలుతురున్నప్పుడే ఆకుపచ్చని మొక్కలు ఈ పనిచేయునని, చీకటిలో అవియు గాలిని చెరచునని ఇంగెన్‌హౌస్ 1779లో తెలిపినాడు. బ్రిటనులో గాజుపై ఉన్న పన్ను 1845లో తొలగిపోవుటచే గాజుపలకలు చౌక అయినవి.

లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో పన్నెండు గాలనుల తొట్టిలో రెండు చిన్న బంగారుచేపలను విడిచి, నాడావంటి పొడుగాటి ఆకులుగల వాలిస్నేరియా అను నీటిమొక్కను నాటినాడు. కొంతకాలమునకు రాలిన ఆకులు కుళ్ళి నీరు కలకబారినది. అప్పుడాయన కొన్ని నీటినత్తలను వేసినాడు. అవి కుళ్ళిన ఆకులను తినివేయగా నీరు తేరినది. ఈ ఫలితములను 1850లో రసాయన సంఘమునకు నివేదించినాడు. చేప విడుచు బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించును. మొక్క విడుచు ఆమ్లజనిని చేప గ్రహించును. ఈ ఇచ్చిపుచ్చుకొనుట జరిగినంతకాలము నీరు మార్చనక్కరలేదని ఆయన సిద్ధాంతము. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలకై ప్రత్యేకముగా ఒక భవనము తెరువబడినది. మరుసటి సంవత్సరము ఫిలిప్ గాస్ వ్రాసిన పుస్తకముతో 'అక్వేరియం' అను మాట ఇంటింటికి తెలిసినది.

ఇక గౌరామి కథ మలుపు తిరిగినది. మద్రాసు సైన్యములో వైద్యుడుగా ఉండిన ఫ్రాన్సిస్ డే మన దేశపు చేపలను ప్రాణముతో పరిశీలించి, 1868లో తన అభిప్రాయములను ప్రకటించినాడు. ఆ తలగది నీటికొరకు కాదు, గాలికొరకే అని ఆయన వాదించినాడు. ఈ విషయమును తేల్చిన పరీక్ష చాల సులభమైనది. మంచి నీటిలో చేపనుంచి, పైకి రాకుండ వలతెర అడ్డము కట్టితే అది చనిపోవుచున్నది. ఆమ్లజని తక్కువైన నీటిలో ఉంచినను, పైకి వచ్చి గాలి గ్రుక్క తీసికొననిచ్చితే బ్రతుకుచున్నది. తిత్తిలో నీరు మోయు ప్రాణియైతే నీటిలోనే ఉండి చావనేల? కువియే ఊహ ఇట్లు వీగిపోయినది.

ప్యారిసులో పియేర్ కార్బొనియే అను చేపల పెంపకందారు ఇంకొక రహస్యమును వెలికి తెచ్చినాడు. 1869లో చైనానుండి వచ్చిన స్వర్గమత్స్యము అను గౌరామి బంధువును ఆయన తొట్టెలలో పెంచి పిల్లలు చేయించినాడు. పిమ్మట గంగానదీ ప్రాంతమునుండి తెప్పించిన కొలిసా అను గౌరామిని ఇంద్రధనుస్సు చేపయని పిలిచి, అది గూడు కట్టు విధమును 1875లో ప్రకటించినాడు. మగచేప గాలిని నోట పట్టి, జిగటతో కలిపి చిన్న చిన్న బుడగలుగా నీటిపై వదలుతుంది. అవి తేలియాడు మొక్కల మాటున చేరి నురుగుగూడు అవుతుంది. ఆడచేప పెట్టిన గ్రుడ్లు ఆ గూటిలో చేరుతాయి. జారిన వాటిని తండ్రి నోటితో ఏరి తెచ్చి గూటిలో ఉంచుతుంది. నీటి అడుగున ప్రాణవాయువు కరువైనను, గాలికి ఆనుకొనియున్న పై పొరలో దానికి లోటుండదు. తాను గాలి పీల్చునట్లే సంతానమును కూడ గాలి చెంతనే ఉంచుకొను చేప ఇది.

వారింగ్టన్ సిద్ధాంతములోను ఒక లోటు మిగిలియుండెను. చేపల మలములనుండి పుట్టు అమోనియా విషము ఏమగుచున్నది? దీనికి సమాధానము చెప్పుటలో ఆయన కుమారుడే పాలుపంచుకొనుట విశేషము. ఆయన పేరును రాబర్ట్ వారింగ్టనే. నేలలో అమోనియా రెండు మెట్లలో, రెండు విధములైన సూక్ష్మజీవులచే, మొక్కలకు ఎరువైన నత్రితముగా మారునని అతడు పరిశోధనలచే చూపినాడు. ఆ సూక్ష్మజీవులను 1890లో వినోగ్రాడ్‌స్కీ వేరుపరచినాడు. చేపలతొట్టి ఇసుకలో పనిచేయునవియు ఇట్టి సూక్ష్మజీవులే. తొట్టి నీటికి ఆమ్లజని చాలభాగము పైనున్న గాలినుండియే కరిగి చేరుననియు, రాత్రివేళ మొక్కలు కూడ దానిని ఖర్చు చేయుననియు తరువాత స్పష్టపడినది.

ఈ పరిశోధనా పరంపరలో తెలుగుదేశమునకు సంబంధించిన పేరొకటి ఉన్నది. గాలి పీల్చు భారతీయ మత్స్యముల జీవితమును, వాటి శ్వాసావయవములు పిండదశనుండి పెరుగు క్రమమును వివరించు బి. కె. దాస్ గారి బృహద్వ్యాసమును 1927లో లండను రాయల్ సొసైటీ ప్రచురించినది. ఆయన తరువాత హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రాచార్యులుగా పనిచేసినారు. ఈ జాతుల పిల్లలకు పుట్టినప్పుడే గాలిగది ఉండదు. అది కొన్ని వారములలో క్రమముగా ఏర్పడుతుంది. అంతవరకు పిల్లచేప ఇతర చేపలవలె నీటినే నమ్ముకొని బ్రతుకవలెను.

ఈ చరిత్ర అంతయు ఇంటి తొట్టికి నేర్పు పాఠములు కొన్ని ఉన్నవి. తొట్టిని అంచువరకు నింపి బిగించరాదు. నీటికిని మూతకును నడుమ రెండు మూడు అంగుళముల ఖాళీ, మూతలో గాలి ఆడుటకు సందు ఉండవలెను. మూత అసలు లేకుండుటయు మంచిది కాదు. గాలిగది ఏర్పడుచున్న పిల్లలకు నీటిపైనున్న గాలి వెచ్చగా, తేమగా ఉండుట మేలు. తేలియాడు మొక్కలు కొన్ని ఉండవలెను గాని, నీటి ముఖమునంతటిని కప్పివేయరాదు. నీటి పంపు జోరు ఎక్కువైతే నురుగుగూడు చెదరిపోతుంది. ఒక చిన్న తొట్టిలో ఇద్దరు మగవారిని ఉంచితే పోట్లాట తప్పదు. ఓడిన చేప, గూడు కాచు మగవాని తరుముడుకు గురియైన ఆడచేప, దాగుటకు దట్టమైన మొక్కలు కావలెను. అనగా గౌరామి తొట్టిలో మొక్కలు ముఖ్యముగా ఊపిరి కొరకు కాదు. గూటి కొరకు, చాటు కొరకు.

మరియొక అపోహను కూడ తొలగించుకొనవలెను. గాలి పీల్చు చేప గదా, మురికినీరైన నేమి, చిన్న సీసాయైన నేమి అని కొందరనుకొంటారు. గాలినుండి ఆమ్లజనిని తీసికొన్నను, బొగ్గుపులుసు వాయువును, అమోనియాను గౌరామి చాలవరకు మొప్పలద్వారా నీటిలోకే విడుస్తుంది. నీరు విషమైతే ఆ మొప్పలే మొదట దెబ్బతింటాయి. తలపై గాలి ఎంతయున్నను అప్పుడు చేపకు రక్షణ లేదు. కావున వారమునకొకసారి కొంత నీరు తీసి, దాదాపు అంతే వెచ్చదనముగల, క్లోరిన్ పోయిన క్రొత్త నీటిని పోయుట తప్పనిసరి.

సాయంకాలము దీపము వెలుగులో తొట్టియెదుట కూర్చున్న బాలునికి ఆకుల సందునుండి ఒక చిన్న చేప మెల్లగా పైకి లేచుట కనిపిస్తుంది. అది నీటి అంచును పెదవితో తాకి, ఒక బుడగను విడిచి, తిరిగి ఆకుల నీడకు దిగిపోతుంది. అంతా ఒక్క క్షణము. కొమెర్సన్‌కు, కువియేకు చిక్కని సమాధానము ఆ క్షణములోనే ఉన్నది. ప్రాణముతో ఉన్న చేపను ఓపికతో చూచువానికి అది దక్కుతుంది.