మూడు ప్రాంతాల పిల్లలు, ఒకే పంక్తి

కర్నూలు బి క్యాంపులోని సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కళాశాల 1972లో మొదలైంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన సందర్భం కాబట్టి ఆ పేరు పెట్టినారు. రాష్ట్రంలో మాత్రం అప్పుడు పండుగ వాతావరణం లేదు. 1969 తెలంగాణ ఉద్యమపు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 1972 అక్టోబరులో, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే ఇటువైపు జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. తరగతి గదుల్లో ఉండాల్సిన పిల్లలు రోడ్ల మీద ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ విద్యార్థులను ఈ కళాశాలలో ఒకే చోట ఉంచి చదివించాలని 1972లోనే తలపెట్టినారంటే, ఆ ధైర్యానికి ఇప్పటికీ దండం పెట్టాలి.

ఇందుకు కర్నూలు సరైన ఊరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఈ ఊరు గుడారాల్లో ప్రభుత్వాన్ని నడిపించింది. బయటి నుంచి వచ్చిన ఉద్యోగుల కోసం వెలసినవే ఎ, బి, సి క్యాంపులు. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది కానీ క్యాంపుల పేర్లు మాత్రం మనకు మిగిలిపోయినాయి. అంతకుముందే, 1947లో, డాక్టర్ అబ్దుల్ హక్ ఇక్కడ ఉస్మానియా కాలేజీ పెట్టి ఉర్దూ ఇళ్ల పిల్లలకూ తెలుగు ఇళ్ల పిల్లలకూ పైచదువు దగ్గర చేసినాడు. పరాయి ఊరివాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టుకోవడం ఈ ఊరికి ముందునుంచీ అలవాటే.

ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రస్థాయి సంస్థల సీట్లను ఆంధ్ర, తెలంగాణ, సీమలకు 42:36:22 చొప్పున పంచేవాళ్లు. సీట్ల పంపకం కాగితం మీద తేలిపోతుంది. కలిసి బతకడం హాస్టల్లోనే తేలాలి. కరీంనగర్ పిల్లవాడి పెట్టెలో సకినాలు, గోదావరి పిల్లవాడి డబ్బాలో పూతరేకులు, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చినవాడి మూటలో జొన్నరొట్టె, పచ్చికారం. మొదటి వారం యాసలు విని నవ్వుకుంటారు, రెండో నెలకు ఒకరి మాట ఒకరి నోట్లో పడుతుంది. ఇలాంటి చోట సాంస్కృతిక సంఘం అంటూ వేరే పెట్టకపోయినా అది తనంతట తానే పుడుతుంది. ఒగ్గు కథ పేరు వినని సీమ పిల్లవాడు దాన్ని పక్క మంచం నుంచి వింటాడు. బుర్రకథ వంత పాడటం ఎలాగో తెలంగాణ పిల్లవాడు నేర్చుకుంటాడు. ప్రభుత్వ సర్క్యులర్ చేయలేని పని ఇది. 2014లో రాష్ట్రం రెండైనా, అట్లా పక్కపక్కన పెరిగినవాళ్ల స్నేహాలు రెండు కాలేదు.

ఈ చరిత్రను కల్లూరువాళ్లం ప్రత్యేకంగా చదువుకోవాలి. కర్నూలు నగరంలో కలిసిపోయిన మన కల్లూరు బడుల్లో ఇప్పుడు తెలుగు ఇళ్ల పిల్లలతో పాటు ఉర్దూ ఇళ్ల పిల్లలు ఉన్నారు. పడమటి మండలాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆదోని, హొళగుంద దిక్కున కన్నడం ఇంటి భాషగా ఉన్నవాళ్లూ తక్కువేమీ కారు. ఇంత సంపద ఉన్నా బడి వార్షికోత్సవం అనగానే స్టేజీ మీద ఏం చూస్తున్నాం? స్పీకర్లు పగిలేటట్టు సినిమా పాట, అద్దెకు తెచ్చిన మెరుపుల బట్టలు, సెల్‌ఫోన్లో చూసి నేర్చుకున్న స్టెప్పులు. పిల్లల ఉత్సాహాన్ని తప్పుపట్టను. వాళ్ల ఇంట్లో ఉన్న కళను మనం ఎప్పుడూ అడగకపోవడమే నన్ను బాధిస్తుంది.

గురవయ్యలను చూడండి. నెత్తిన ఎలుగుబంటి తోలు టోపీ, భుజాన నల్లకంబళి, చేతిలో డమరుకం, నోట పిల్లనగ్రోవి. కాళ్లగజ్జెలు ఘల్లుమంటూ మల్లయ్యను తలుచుకుని ఆడతారు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఆ అడుగు వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు మన బళ్లో ఎనిమిదో తరగతి చదువుతూ ఉండవచ్చు, తాత వేషం గురించి సిగ్గుపడి నోరు విప్పకుండా ఉండవచ్చు. ఉర్దూ బడుల్లో బజ్మ్-ఎ-అదబ్ అని సాహిత్య సభ పెట్టే సంప్రదాయం ఉంది, తెలుగు మాధ్యమం పిల్లలు ఒక్కసారి దానికి వెళ్లి కూర్చుంటే అవధానం చూసిన కళ్లతో ముషాయిరాను చూడగలుగుతారు. పీర్ల పండుగలో అలాయి గుండం చుట్టూ కులమతాలు చూడకుండా ఆడే జిల్లా మనది. ఉగాదికి మన చౌడేశ్వరమ్మ గుడి చుట్టూ బురదలో ఎద్దుల బండ్లు, గాడిదలు తిరిగే వేడుకను టీవీలవాళ్లు వచ్చి చిత్రీకరించుకుపోతున్నారు. ఆ ఆచారం ఎట్లా మొదలైందో పెద్దలను అడిగి నాలుగు పేజీలు రాయమని మాత్రం మన బడి పిల్లలకు మనం చెప్పడం లేదు.

ఈ కళల కోసం ప్రతి బడిలో ఒక సాంస్కృతిక సంఘం పెట్టాలి. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కేంద్రం 2015 నుంచి కళా ఉత్సవ్ నడుపుతోంది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలు అందులో జానపద కళలతోనే పోటీ పడవచ్చు. ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్ కింద మన రాష్ట్రానికి పంజాబును జోడించినారు. పంజాబీ పాట నేర్పడం మంచిదే, ముందు పక్క బెంచీవాడి పాట వినిపిస్తే ఇంకా మంచిది. సంఘానికి అధ్యక్షులుగా ఉపాధ్యాయులు ఉండనీ, కార్యదర్శులు మాత్రం పిల్లలే కావాలి, అందులో ఒకరు ఉర్దూ ఇంటి నుంచి, ఒకరు వలస కుటుంబం నుంచి.

సిల్వర్ జూబ్లీలో చదువుకుని ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు కర్నూలులో, కల్లూరులో ఉన్నారు. అయ్యా, అమ్మా, మీకు నా మనవి. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు శనివారం నో బ్యాగ్ డే అంటున్నారు. ఆ శనివారాల్లో ఒకదాన్ని మా పిల్లలకు ఇవ్వండి. మీ హాస్టల్లో మూడు ప్రాంతాలు ఎట్లా కలిసినాయో వచ్చి చెప్పండి, మీకు వచ్చిన పాట ఒకటి నేర్పి పోండి.