ఆగమన కాలం: జర్మనీలో, ఆస్పరి సీమలో

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు కలిసిన కాలాన్ని తెలుగు క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. నవంబరు 30న వచ్చే అంద్రెయ పండుగకు ఏ ఆదివారం దగ్గరైతే ఆ రోజు ఇది మొదలవుతుంది. కాబట్టి ఏటా నవంబరు 27కూ డిసెంబరు 3కూ నడుమ పడుతుంది. పూర్వం ఇది ఉపవాసాల కాలం. కతోలికులు నేటికీ ఊదా వస్త్రాలతో ఆరాధన చేసేది అందుకే.

దీన్ని ఇంటి పండుగగా మలిచినవాళ్లు జర్మన్లు. హాంబుర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విహెర్న్ అనే పాస్టరు 1833లో పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం తెరిచాడు. పండుగ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే 1839లో ఒక బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆ ఏడు తొలి ఆదివారం డిసెంబరు 1న వచ్చింది. నాలుగు ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు ఇరవై చిన్న ఎర్రవి, మొత్తం 24. రోజుకొకటి వెలిగిస్తూ పోతే లెక్క నేర్పినట్టూ అయింది, పిల్లల ఆరాటం తీరినట్టూ అయింది. చక్రానికి పచ్చని కొమ్మలు చుట్టడం తర్వాత వచ్చిన అలవాటు. ఇళ్లలోకి చేరేసరికి కొవ్వొత్తులు నాలుగే మిగిలాయి. ప్రొటెస్టెంట్ల ఈ దండ 1920లలో గాని కతోలిక ఆలయాలకు పాకలేదు.

అక్కడి మిగతా ఆచారాలూ ఇంటి చుట్టూ తిరిగేవే. డిసెంబరు 4న, బార్బరా పండుగ నాడు, చెర్రీ కొమ్మ నరికి నీళ్లలో పెడతారు; క్రిస్మస్‌కల్లా పూస్తే శుభం. 6న నికోలస్ పండుగకు పిల్లలు ముందు రాత్రే బూట్లు తలుపు దగ్గర పెడతారు. డ్రెస్డెన్‌లో 1434లో మొదలైన పండుగ సంత ఇప్పటికీ సాగుతోంది. ఆ ఊరి రొట్టె స్టోలెన్ ఒకప్పుడు ఉపవాసపు తిండి కాబట్టి అందులో వెన్న నిషిద్ధం. 1491లో పోపు అనుమతి ఇచ్చాకే దానికి రుచి వచ్చింది.

తెలుగు నేలకు జర్మన్లు రాకపోలేదు. 1842లో గుంటూరు చేరిన హేయర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికాకు వెళ్లినవాడు. ఆ వెనుకే ఉత్తర జర్మనీ మిషన్ వాళ్లు రాజమండ్రిలో దిగారు. 1865లో హెర్మన్స్‌బుర్గ్ మిషన్ సూళ్లూరుపేటలో మొదలై నెల్లూరు, చిత్తూరు వైపు పాకింది. లూథరన్లకు ఆరాధన క్యాలెండరు ముఖ్యం. అందువల్ల ఆ సంఘాల్లో ఆగమన ఆదివారాలు మొదటి నుంచీ ఉన్నాయి.

పడమటి కర్నూలులో, ఆదోని-ఆలూరు ప్రాంతంలో ఉన్న ఆస్పరి సీమ దారి వేరు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లావి. బళ్లారిలో 1810లో జాన్ హాండ్స్ నెలకొల్పిన లండన్ మిషనే ఇటువైపు పనిచేసింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పాతుకున్నారు. ఈ రెండు వర్గాలకూ పాటలూ ప్రసంగమూ ప్రధానం. ఏ ఆదివారానికి ఏ పేరన్న పట్టింపు తక్కువ. ఆగమన ఆదివారాలు నియమంగా పాటించిన ఆంగ్లికన్లు నంద్యాల వైపు ఉండిపోయారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాక గాని ఇటువైపు ఆ క్యాలెండరు కుదురుకోలేదు. కతోలికులకు అది ఎప్పుడూ ఉన్నదే. వాళ్లకు కర్నూలు మేత్రాసనం 1967లో వచ్చింది.

క్యాలెండరు ఏదైనా ఊళ్లలో పండుగను నడిపేది పంట. పడమటి కర్నూలులో ఆగమన కాలమంటే పత్తి ఏరే రోజులు, ఆదోని మార్కెట్ యార్డుకు బోరాలు పోయే రోజులు. కూలి డబ్బు చేతికొస్తేనే పిల్లలకు కొత్త బట్టలు, గోడలకు సున్నం. పగలంతా చేలో ఉన్నవాళ్లకు మిగిలేది రాత్రే కనుక కరోల్స్ రాత్రి సాగుతాయి. యవ్వనస్తులు గేరిలో (వాడలో) ఇంటింటికీ పాడుకుంటూ తిరుగుతారు. వెంట డప్పో, డోలకో ఉంటుంది. ఇంటివాళ్లు టీ ఇస్తారు, కానుక వేస్తారు, ప్రార్థన చేయించుకుంటారు. ఒక పాట పాడి కదలబోతే, ఇంకొకటి పాడితే గాని ముసలమ్మలు వదలరు. పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ప్రొటెస్టెంటు శాఖలన్నిటిదీ. ఇప్పుడు స్పీకరు పెట్టెలో సినిమా బాణీ పాటలూ జోరుగానే వినిపిస్తున్నాయి. పండుగ దాటాక గుంటూరు మిరప చేలకు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోయే కుటుంబాలు ఎన్నో. సగం గేరి ఖాళీ అవుతుంది.

పట్టణాల్లో ‘సెమీ క్రిస్మస్’ ఇటీవలి వాడుక. డిసెంబరులో ముందే ఒక రోజు కేకు కోసి, సండే స్కూలు పిల్లలతో నాటిక వేయించి, భోజనాలు పెడతారు. నిరీక్షణ కాలంలోనే పండుగ చేసేయడమేమిటని గొణిగే పాస్టర్లూ ఉన్నారు. వాళ్ల మాట పెద్దగా చెల్లదు.

జర్మన్ ఆచారాన్ని గుర్తుచేసేది ఇంటి ముందు వెలిగే నక్షత్రం. 19వ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో మొరావియన్ క్రైస్తవుల నీస్కీ బడిలో జ్యామితి పాఠం కోసం కాగితపు నక్షత్రాలు చేయించేవారు. 1880 ప్రాంతంలో పీటర్ వెర్‌బెక్ వాటిని అమ్మకానికి పెట్టాడు. తర్వాత మొరావియన్ల కేంద్రమైన హెర్న్‌హూట్ ఊరి పేరే దానికి స్థిరపడింది. అసలు నమూనాకు 25 కొనలు. మన బజారులో మాత్రం, వెదురు బద్దల మీద రంగు కాగితం అంటించి లోపల బల్బు వేలాడదీసే అయిదు కొనల చుక్క చాలనిపించింది. ఈ ‘స్టార్’ను వాడల్లోకి తెచ్చింది ఏ మిషనూ కాదు, ఫ్యాన్సీ దుకాణాలే.